ఆలస్యంగా వచ్చిన నీలం రంగు

మా హాస్టల్లో జిమ్‌కి వెళ్ళేవాళ్ళ గదుల్లో చూస్తే ఒక క్రియాటిన్ డబ్బా ఖాయంగా కనిపిస్తుంది. పొద్దున్నే షేకర్లో కలిపి గటగటా తాగేసి, అప్పుడే కండలు వచ్చేసినట్టు అద్దం ముందు నిలబడతారు. ఆ పదార్థం మన కండరంలో ఏ రూపంలో ఉండి ఏం పని చేస్తుందో మొదట తేల్చిన ఇద్దరిలో ఒకాయనది భీమవరం అని చెబితే మా రూమ్మేట్ నమ్మలేదు. యల్లాప్రగడ సుబ్బారావు అనగానే మనవాళ్ళకి క్యాన్సర్ మందు, టెట్రాసైక్లిన్, నోబెల్ రాకపోవడం, ఈ మూడే గుర్తొస్తాయి. నాకు మాత్రం ఆయన జీవితంలో బాగా నచ్చిన భాగం వేరే ఉంది. అందులో ఉన్నదల్లా ఒక పిల్లి కండరం, ఒక నీలం రంగు.

ఆయన 1895 జనవరి 12న పుట్టాడు. చదువులో మొదట్నుంచీ మెరిక అనుకోకండి. మెట్రిక్యులేషన్ మూడోసారికి గానీ గట్టెక్కలేదు. పదమూడేళ్ళ వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు చేసుకుందామని ఇంట్లోంచి పారిపోతే తల్లి వెంకమ్మ వెనక్కి తెప్పించింది. ఆ తర్వాత సన్యాసం మీదికి మనసుపోయింది. రామకృష్ణ మఠం వాళ్ళేమో ముందు వైద్యం చదువుకోమన్నారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి, గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టాడు. అది సర్జరీ ప్రొఫెసరుకి కంటగింపైంది. చివరికి చేతికొచ్చింది ఎంబీబీఎస్ కాదు, అంతకన్నా తక్కువదైన ఎల్ఎంఎస్.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో కొద్దికాలం తేడాలోనే పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో మనిషి శుష్కించిపోయే జబ్బు అది. సుబ్బారావుకీ వచ్చింది. ఇంగ్లీషు మందులకు లొంగనిది ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో తగ్గింది. తర్వాత ఆయన ఆయుర్వేద కళాశాలలోనే అనాటమీ పాఠాలు చెప్పాడు. 1922లో కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఇచ్చిన సాయం, మామగారు సర్దిన డబ్బు పట్టుకుని అమెరికా వెళ్ళాడు. భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, తిరిగొస్తానని మాట ఇచ్చి వెళ్ళాడు.

బోస్టన్‌లో పగలు హార్వర్డ్ క్లాసులు, రాత్రి ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని. ఇండియాలో డాక్టరు, అక్కడ వార్డుబాయ్. ఈ ఘట్టాన్ని కష్టాల కథగా చాలామంది చెప్పేశారు కాబట్టి నేను ల్యాబ్‌లోకి వెళ్ళిపోతాను.

1924లో ట్రాపికల్ మెడిసిన్ డిప్లొమా వచ్చాక బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కె దగ్గర చేరాడు. అప్పటి సమస్య చాలా మామూలుది: రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేట్ ఎంతుందో కచ్చితంగా, త్వరగా కొలవాలి. ఫస్టియర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో మనం కలరీమీటర్ ముందు కూర్చుని రీడింగులు రాసుకున్నాం చూడండి, అదే పద్ధతి. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణంలో ఆమ్లం, మాలిబ్డేట్ కలిపి, తగిన రెడ్యూసింగ్ ఏజెంట్ వేస్తే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదురైతే ఫాస్ఫేట్ అంత ఎక్కువ. ఆ రెడ్యూసింగ్ ఏజెంట్ సరైనది దొరకడమే కిటుకు. 1925లో అచ్చయిన ఈ ఫిస్కె-సుబ్బారావు పద్ధతిని బయోకెమిస్ట్రీ వాళ్ళు దశాబ్దాల పాటు వాడారు.

అసలు విషయం దీని తర్వాత జరిగింది. ఇదే పరీక్షను కండరం నుంచి తీసిన ద్రవంతో చేస్తే, రావలసిన వేగంతో నీలం రాలేదు. మెల్లమెల్లగా ముదురుతూ పోయింది. మనమైతే ఏం చేస్తాం? రీడింగు తేడాగా వచ్చిందని రీఏజెంట్‌ని తిట్టుకుని, పక్కబెంచీ వాడి విలువలు ఎక్కించేసుకుంటాం. వాళ్ళిద్దరూ ఆ ఆలస్యం ఎందుకని పట్టుకున్నారు. కండరంలో ఉన్నది విడి ఫాస్ఫేట్ కాదని, ఇంకోదానికి అతుక్కుని ఉందని, ఆమ్లం, మాలిబ్డేట్ తగిలాక ఆ బంధం కొంచెం కొంచెంగా తెగుతోందని, తెగినకొద్దీ రంగు వస్తోందని తేలింది. ఆ ఇంకోటి ఏమిటో చూస్తే క్రియాటిన్. ఫాస్ఫేట్ ఎంతో క్రియాటిన్ అంత, ఒకటికి ఒకటి. 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అలా బయటపడింది. అదే ఏడాది లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కూడా కండరంలో ఇలాంటిదేదో ఉందని కనిపెట్టి ఫాస్ఫాజెన్ అని పేరు పెట్టారు. అందులో క్రియాటిన్ ఉందని నిలబెట్టింది మాత్రం హార్వర్డ్ జంట.

పిల్లి కండరానికి కరెంటు ఇచ్చి పదేపదే ముడుచుకునేలా చేస్తే ఈ నిల్వ తగ్గింది. విశ్రాంతి ఇస్తే మళ్ళీ నిండింది. చిన్న పరిశీలనలా ఉంది గానీ దీని కింద ఒక పెద్ద సిద్ధాంతం కదిలింది. అప్పటిదాకా కండరం ముడుచుకోవడానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని అనుకునేవారు. కండరంలో లాక్టిక్ ఆమ్లానికీ ఆక్సిజన్‌కీ ఉన్న సంబంధం మీద, వేడి మీద చేసిన పనికి హిల్, మేయర్‌హాఫ్‌లకు 1922 నోబెల్ కూడా వచ్చింది. 1930లో డెన్మార్క్‌కి చెందిన లుండ్స్‌గార్డ్ అసలు లాక్టిక్ ఆమ్లం తయారవకుండా చేసిన కండరం కూడా ముడుచుకుంటుందని, అప్పుడు ఖర్చయ్యేది ఫాస్ఫోక్రియాటిన్ అని చూపించాడు. హిల్ దాన్ని ఒప్పుకున్నాడు కూడా. అదీ పెద్దమనిషి తరహా. ఈ మధ్యలోనే, 1929లో, ఫిస్కె, సుబ్బారావు కండరంలోంచి ఏటీపీని వేరుచేశారు. జర్మనీలో లోమన్ కూడా అదే ఏడాది విడిగా దాన్నే కనుక్కున్నాడు.

మెకానికల్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ఏటీపీ చేతిలో ఉన్న చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ జేబులో నోటు. గట్టిగా పరిగెత్తితే చిల్లర రెండు మూడు సెకన్లలో అయిపోతుంది. నోటు మార్చుకుంటే ఇంకో ఏడెనిమిది సెకన్లు గడుస్తాయి. ఆ తర్వాత వేరే దారులు చూసుకోవాలి.

ఇది నాకు పాఠం కాకుండా ఇంటి సంగతి అయింది మా తాతయ్యకి పక్షవాతం వచ్చినప్పుడు. కుడి చెయ్యి పైకి లేవలేదు. కండరం చచ్చిపోయిందని మా నానమ్మ ఏడ్చింది. కండరం బాగానే ఉందమ్మా, పైనుంచి ఆర్డరు రావట్లేదు అంతే అని ఫిజియోథెరపీ ఆయన నచ్చజెప్పాడు. మెదడులోనూ ఈ ఫాస్ఫోక్రియాటిన్ నిల్వ ఉంటుంది, కానీ బహు స్వల్పం. రక్తం ఆగితే నిమిషాల్లోనే అదీ, ఏటీపీ కూడా అడుగంటుతాయి. అందుకే డాక్టర్లు అంత తొందరపెడతారు. కండరం గంటల తరబడి ఓర్చుకోగలదు. కానీ వాడకం లేకపోతే సన్నబడిపోతుంది, బిగుసుకుపోతుంది. అందుకని కదలని చేతిని రోజూ పట్టుకుని కదిలించాలి. మా తాతయ్య చేత ఆరు నెలలు స్పాంజి బంతి నొక్కించాం. ఇప్పుడు కండరం కోయకుండానే, ఎమ్మారై లాంటి యంత్రంతో, పని చేశాక ఫాస్ఫోక్రియాటిన్ ఎంత వేగంగా తిరిగి నిండుతోందో కొలుస్తున్నారు. 1927లో అడిగిన ప్రశ్నే, పరికరం మారింది.

సుబ్బారావుకి 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం మాత్రం రాలేదు. ఆయన వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడ్‌లను ఏళ్ళ తర్వాత వేరేవాళ్ళు మళ్ళీ కనుక్కోవాల్సి వచ్చిందని, ఫిస్కె అసూయతో వాటిని వెలుగు చూడనివ్వలేదని అక్కడే చదివిన, తర్వాత నోబెల్ అందుకున్న జార్జ్ హిచింగ్స్ చెప్పాడు. 1940లో సుబ్బారావు లెడర్లే కంపెనీకి వెళ్ళిపోయాడు. మిగతాది మీకు తెలిసిందే: ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకి హెట్రజాన్, ఆయన నడిపిన పరిశోధన విభాగం నుంచే ఆరియోమైసిన్, ఫార్బర్ డాక్టరు లుకేమియా పిల్లలకు వాడిన అమినోప్టెరిన్. ఇందులో ఫోలిక్ ఆమ్లం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. అది స్ప్రూకి పనిచేసే మందు. ఇద్దరు అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బుకి మందు ఆయన ల్యాబ్‌లోనే తయారైంది, కానీ పాతికేళ్ళు దాటాక.

1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. వయసు 53. మనం ప్రతి ఏడూ జనవరి 12న నోబెల్ ఇవ్వలేదని పోస్టులు పెడుతుంటాం. నాకైతే ఆ లెక్క కన్నా ఇంకో లెక్క ఎక్కువ బాధగా ఉంటుంది. వాళ్ళకి పుట్టిన బాబు ఏడాదైనా నిండకుండానే పోయాడు, తండ్రి వాణ్ణి చూడనేలేదు. శేషగిరి గారు ఆయన్ని 1922 తర్వాత మళ్ళీ చూడలేదు.