శ్రీనాథుడు – పల్నాటి పలుకు

కొండవీటి పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువున విద్యాధికారిగా వెలిగినవాడు శ్రీనాథుడు. సంస్కృత సమాసముల గాంభీర్యముతో శృంగారనైషధమును తీర్చినవాడు. విజయనగరమున గౌడ డిండిమభట్టును వాదమున గెలిచి కనకాభిషేక మందినవాడు.

అట్టి భోగికి పల్నాడు రుచింపలేదు. నాపరాతి నేల, నీటి కరవు, జొన్నకూడు ఆయనను విసిగించినవని ఆయన పేర వెలసిన చాటువులు చెప్పుచున్నవి. అయినను ఆ నేలయే ఆయనచేత పల్నాటి వీరచరిత్రమును పలికించినది. మాచెర్ల, గురజాల దాయాదులు కారెంపూడిలో పోరి నశించిన గాథ అది. దానికి శ్రీనాథుడు ప్రౌఢవృత్తములను కోరలేదు. పామరులు సైతము పాడుకొనదగిన ద్విపదను చేపట్టి, మాచెర్ల చెన్నకేశవునకు అంకితమొనర్చెను. నాగులేరు, చాపకూడు వంటి ఊరి మాటలు అట్లు కావ్యమున కెక్కినవి.

కొండవీటి రాజ్యము కూలినది. శిస్తు కట్టలేక అవమానపడి కవి కన్నుమూసెనని చాటువుల సాక్ష్యము. కనకాభిషేకపు బంగారము మిగులలేదు. ద్విపద మిగిలినది. 1911లో అక్కిరాజు ఉమాకాంతము దానిని పరిష్కరించి అచ్చు వేయించెను. కారెంపూడిలో ఏటేటా కార్తికమాసమున ఆ వీరుల ఆరాధన నేటికిని జరుగుచున్నది. రాజులు మరచిన కవిని రాతినేల మరువలేదు.