రూడాల్ఫ్ డీజిలు

పొలములలో నీరు తోడు ఆయిలు ఇంజనును చూడని విద్యార్థి మనలో అరుదు. క్రొత్త ఇంజనుపై తెలిసిన మెకానిక్కు మొదటి దినముననే పూర్తి భారము మోపనీయడు. పిస్టను రింగులును సిలిండరు గోడయు ఒరసికొని ఒకదానికొకటి సరిపడువరకు దానిని తేలికగా నడపి, నూనె మార్చి, పిమ్మట పనికి పూన్చును. ఆ ఇంజనుకు తన పేరిచ్చిన వాని చరిత్రము నిచ్చట వ్రాయుచున్నాము.

డీజిలు 1858 మార్చి 18వ తేదీన పారిసు నగరమున జర్మను తలిదండ్రులకు జన్మించెను. తండ్రి తోలుపని, పుస్తకముల బైండింగు చేయువాడు. 1870లో యుద్ధము రాగా ఆ కుటుంబము లండనుకు తరలిపోయెను. బాలుడు చదువునకై ఆగ్స్‌బర్గులోని బంధువుల యింటికి పంపబడెను. పిమ్మట మ్యూనికులో చదువుచు, ఆవిరి యంత్రము బొగ్గు వేడిమిలో స్వల్పభాగమునే పనిగా మార్చునని లిండే ఆచార్యుని వలన విని, దానిని మరువలేకపోయెను.

గాలిని సిలిండరులో మిక్కిలి నొక్కినచో అది వేడెక్కును. ఆ వేడిగాలిలో నూనె చల్లిన నిప్పు ముట్టింపకయే మండును. ఇదియే ఆయన యూహ. 1893లో ఆగ్స్‌బర్గు కర్మాగారమున ఇంజను సిద్ధము కాగా, దానిని మొదట కర్మాగారపు బెల్టుతో త్రిప్పి చూచిరి. ఆగస్టు 10న ఇంధనము పంపగనే ఒత్తిడి కొలుచు పరికరము పగిలి, ముక్కలు ఆయన చెంతనుండి దూసికొనిపోయెను. ప్రాణము దక్కెను.

ఇంజనును మార్చి కట్టిరి. 1894 ఫిబ్రవరి 17న అది తన శక్తితో సుమారు ఒక్క నిమిషము నడచెను. ఈ మాట చెప్పినపుడు మా తరగతి పిల్లలు నవ్విరి. కాని అంతవరకు బెల్టు ఇంజనును లాగుచుండెను. ఆ నిమిషమున ఇంజనే బెల్టును లాగెను! మరి మూడేండ్లు పాటుపడిన పిమ్మట, 1897 పరీక్షలో అది నూనెలోని శక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చెను. ఆనాటి ఆవిరి యంత్రమేదియు అంత ఈయలేదు.

తరువాత తొందర కలిగినదని మా యభిప్రాయము. హక్కులు పెక్కు దేశములవారికి అమ్ముడుపోయెను. ఇంజనీర్ల కనుసన్నల చక్కగా నడచిన యంత్రము కొన్నవారి యొద్ద మాటిమాటికి ఆగిపోయెను. 1898లో డీజిలు ఆరోగ్యము చెడెను. ఆర్జించిన ధనము భూముల బేరములలో కరగిపోయెను. ఇంజను మాత్రము క్రమముగా చక్కబడి, 1912లో సెలాండియా అను ఓడను మహాసముద్రములు దాటించెను.

1913 సెప్టెంబరు 29 రాత్రి, అప్పులలో మునిగియున్న డీజిలు, ఆంట్వర్పు నుండి ఇంగ్లండుకు పోవుచు, ఓడనుండి అదృశ్యుడయ్యెను. కొన్ని దినములకు సముద్రమున దొరికిన దేహముపైని వస్తువులను చూచి కుమారుడు గుర్తించెను. ఆయన ఎక్కిన డ్రెస్డెన్ ఆవిరి ఓడ.