1901 అక్టోబరు – మన కొమురం భీం పుట్టిన నెల



ఈసారి మన గోడపత్రికలో నేను ఒక్క నెల గురించి రాస్తున్నాను. అది 1901వ సంవత్సరం అక్టోబరు నెల. ఒక్క నెలలో ఏముంటది అనుకోవద్దు. మన తాతల తాతలు చిన్న పిల్లలుగా ఉన్న ఆ నెలలో లోకంలో పెద్ద పెద్ద సంగతులు జరిగినాయి. అదే నెలలో అడవిలో ఒక గోండు తల్లికి ఒక కొడుకు పుట్టిండు. ఆయన పేరు కొమురం భీం. ముందు లోకం సంగతులు చెప్పి, తర్వాత ఆయన జీవిత చరిత్ర రాస్తాను. ఓపికగా నిలబడి చదవండి.

ఆ నెలలో లోకంలో ఏం జరిగింది?

అక్టోబరు 16న అమెరికా దేశాధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తన ఇంటికి, అంటే వైట్ హౌస్‌కు, బుకర్ టి. వాషింగ్టన్ అనే నల్లజాతి పెద్దమనిషిని భోజనానికి పిలిచాడు. వాషింగ్టన్ బానిసగా పుట్టి, కష్టపడి చదువుకొని, నల్లవాళ్ల కోసం పెద్ద విద్యాలయం నడిపినవాడు. ఇద్దరు మనుషులు ఒక బల్ల దగ్గర కూర్చొని అన్నం తిన్నందుకు ఆ దేశంలో కొందరు తెల్లవాళ్లు ఎంతో గొడవ చేశారు.

అక్టోబరు 19న బ్రెజిల్ దేశస్థుడు సాంటోస్ డ్యూమాంట్ గాలి ఓడలో ఎగిరి, పారిస్‌లోని ఈఫిల్ టవర్‌ను చుట్టి వచ్చి బహుమతి గెలుచుకున్నాడు. అప్పటికి రైట్ సోదరుల విమానం ఇంకా ఎగరలేదు. అది 1903లో ఎగిరింది. ఆయన ఆ బహుమతి డబ్బును తన పనివాళ్లకు, పారిస్ పేదలకు పంచిపెట్టాడు.

అక్టోబరు 24న ఆనీ టేలర్ అనే టీచరమ్మ ఒక చెక్క పీపాలో కూర్చొని నయాగరా జలపాతం మీద నుండి కిందికి దూకి బతికి బయటపడింది. ఆ రోజు ఆమె పుట్టినరోజు. వయసు 63 ఏళ్లు. (దీన్ని చదివి మన చెరువు దగ్గర ఎవరూ ప్రయత్నం చేయకండి.)

గాంధీజీ కూడా అదే నెలలో దక్షిణాఫ్రికా నుండి కుటుంబంతో ఓడెక్కి మన దేశానికి బయలుదేరాడు. అప్పుడాయన ఒక వకీలు. ఇంకా ఎవరూ ఆయనను మహాత్మా అని పిలవలేదు.

మన హైదరాబాద్ సంగతి చూస్తే, అంతకు ముందటి నెలలోనే, అంటే 1901 సెప్టెంబరు 1న, శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం అనే తెలుగు గ్రంథాలయం మొదలైంది. నిజాం రాజ్యంలో తెలుగు వాళ్లు తమ భాషలో చదువుకోవడానికి అది పెద్ద అండ అయింది. అప్పుడు ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పరిపాలన. మన జుక్కల్, కౌలాస్, అటు ఆసిఫాబాద్, ఇటు దెగ్లూర్, ఔరాద్ అన్నీ ఆ రాజ్యంలోనివే. ఇప్పుడు మూడు రాష్ట్రాలుగా ఉన్న ఈ మూలంతా ఆనాడు ఒకే సర్కారు కింద ఉండేది.

సంకెపల్లిలో పుట్టిన బిడ్డ

ఆసిఫాబాద్ అడవుల్లో సంకెపల్లి అనే గోండు గూడెం ఉంది. అక్కడ కొమురం చిన్నూ, సోంబాయి దంపతులకు భీం జన్మించాడు. 1901 అక్టోబరు 22 అని పుస్తకాల్లో రాస్తారు. కొన్నిచోట్ల ఒక ఏడాది అటూ ఇటూ కనబడుతుంది. ఎందుకంటే ఆ రోజుల్లో గూడెంలో పుట్టిన పిల్లల తేదీ రాసి పెట్టేవాళ్లే లేరు. నయాగరాలో పీపా దొర్లితే పేపర్లలో వచ్చింది గానీ, సంకెపల్లిలో బిడ్డ పుడితే ఏ పేపరూ రాయలేదు. నేను ఈ వ్యాసం రాయడానికి అది కూడా ఒక కారణం.

భీం బడికి పోలేదు. అక్కడ బడి లేదు. అడవే బడి. ఆ కాలంలో సర్కారు అడవికి హద్దులు గీసి ఇది రిజర్వు అని చెప్పడం మొదలుపెట్టింది. తరతరాలుగా పోడు కొట్టుకొని జొన్నలు, సాములు పండించుకునే వాళ్లు ఒక్క గీతతో దొంగలైపోయారు. పశువులు మేపితే పన్ను. పొయ్యిలోకి కట్టెలు తెచ్చుకుంటే పన్ను. మైదానం నుండి వచ్చిన షావుకార్లు, జాగీర్దార్లు కాగితం మీద పట్టా చేయించుకొని గోండుల చేన్లు పట్టుకునేవాళ్లు. గోండుల దగ్గర భూమి ఉంది గానీ కాగితం లేదు. ఉన్నా చదవడం రాదు. ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి, భీం కథంతా దీని చుట్టే తిరుగుతుంది.

భీంకు పదిహేనేళ్ల వయసులో తండ్రి అటవీ సిబ్బంది చేసిన దాడిలో చనిపోయాడని చెప్తారు. కుటుంబం సుర్ధాపూర్‌కు వలస పోయింది. అక్కడ అడవి కొట్టి, చెమటోడ్చి చేను చేసుకున్నారు. పంట చేతికొచ్చే వేళకు సిద్దిఖీ అనే జాగీర్దారు వచ్చి ఈ భూమి నాది అన్నాడు. ఆ గొడవలో భీం చేతి దెబ్బకు అతడు చనిపోయాడు. పోలీసులు వెంటపడితే భీం ఊరు విడిచి పారిపోయాడు.

అక్షరాలు నేర్చిన కూలీ

ఇక్కడి నుండి కథ పెద్దలు చెప్పుకుంటున్న ప్రకారం రాస్తున్నాను. భీం నడుచుకుంటూ చాందా వైపు, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్ వైపు పోయాడు. అక్కడ విఠోబా అనే ఆయన అచ్చు యంత్రం నడుపుతూ తెల్లదొరలకు, నిజాంకు వ్యతిరేకంగా పత్రిక వేసేవాడు. భీం ఆయన దగ్గర పనికి కుదిరి చదవడం, రాయడం నేర్చుకున్నాడు. విఠోబాను పోలీసులు పట్టుకుపోయాక, భీం అస్సాం చాయ తోటలకు కూలీగా పోయాడు. అక్కడ సుమారు ఐదేళ్లు ఉన్నాడు. ఆకు తెంపే కూలీల కష్టం చూసి వాళ్ల తరఫున నిలబడ్డాడు. జైలుకు పంపితే తప్పించుకొని వచ్చేశాడు.

మన్యంలో అల్లూరి సీతారామరాజు చేసిన పోరాటం గురించి, అంతకు ముందు ఆదిలాబాద్ గడ్డ మీద పోరాడిన రాంజీ గోండు గురించి విని భీం ధైర్యం తెచ్చుకున్నాడని అంటారు. 2022లో వచ్చిన ఆర్.ఆర్.ఆర్. సినిమాలో రాజు, భీం ఇద్దరూ దోస్తులుగా కలిసి తిరుగుతారు. మనమందరం చూసి చప్పట్లు కొట్టినం. కానీ అది కల్పించిన కథ. సీతారామరాజు 1924 మే 7న అమరుడయ్యాడు. వాళ్లిద్దరూ కలిసినట్టు చరిత్రలో లేదు. పరీక్షలో అట్ల రాస్తే మార్కులు రావు.

పన్నెండు ఊళ్ల పోరాటం

తిరిగి వచ్చిన భీం పెళ్లి చేసుకొని వ్యవసాయం పెట్టుకున్నాడు. చదువు వచ్చినవాడు కాబట్టి తోటి గోండులకు భూమి కేసుల్లో సాయం చేసేవాడు. కానీ కొత్తగా కొట్టుకున్న భూముల నుండి కూడా సర్కారు మనుషులు వాళ్లను వెళ్లగొట్టారు. గుడిసెలు కాల్చారు. అప్పుడు బాబేఝరి, జోడేఘాట్, పట్నాపూర్ మొదలైన పన్నెండు గూడేల వాళ్లు భీం వెనుక నిలబడ్డారు. గోండులతో పాటు కోలాములు కూడా కలిశారు. కొమురం సూరు లాంటి వాళ్లు కుడిభుజంగా ఉన్నారు.

వాళ్లు అడిగింది మూడు మాటల్లో చెప్పుకోవచ్చు: జల్, జంగల్, జమీన్. అంటే నీళ్లు, అడవి, భూమి. ఈ మూడింటి మీద మాకు హక్కు ఉండాలి, మా గూడేలను మేమే చూసుకుంటాం అన్నది వాళ్ల కోరిక. భీం హైదరాబాద్ పోయి నిజాంను కలవాలని చూశాడనీ, కలవనీయలేదనీ చెప్తారు. తర్వాత సర్కారు నీకు పట్టా ఇస్తాం, ఊరుకో అంటే, నాకొక్కడికి వద్దు అందరికీ కావాలి అని ఒప్పుకోలేదంటారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే పెద్దగా కనబడేది ఈ సంగతే. తుపాకీ పట్టడానికి ధైర్యం ఉంటే చాలు. చేతికొచ్చిన దాన్ని పక్కవాడి కోసం వదులుకోవడానికి ఇంకేదో కావాలి.

1940లో ఆశ్వయుజ పౌర్ణమి నాటి రాత్రి పోలీసులు జోడేఘాట్ గుట్ట చుట్టుముట్టి కాల్పులు జరిపారు. భీం, ఆయన తోటి వీరులు పలువురు అక్కడే నేలకొరిగారు. అక్టోబరులో పుట్టినవాడు నలభై ఏళ్ల లోపే అక్టోబరులోనే పోయాడు.

ఆ తర్వాత ఏమైంది?

మిత్రులారా, ఈ భాగం చాలామందికి తెలియదు. భీం చనిపోయాక, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారని సర్కారుకే అనుమానం వచ్చింది. మనుషుల జీవన విధానం గురించి పరిశోధన చేసే హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశస్థుడిని అక్కడికి పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఇద్దరూ మార్లవాయి గూడెంలో గుడిసెలో ఉండి, గోండి భాష నేర్చుకొని, వాళ్లు తిన్నదే తిన్నారు. భూములు పోవడం వల్లే ఈ బాధంతా అని ఆయన సర్కారుకు రాశాడు. దాని మీద వేల కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. 1943లో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు అచ్చు వేశారు. మొదటిసారి గోండు పిల్లలు తమ ఇంటి భాషలో, తమ వాడే అయిన టీచరు దగ్గర అఆలు దిద్దారు. బెట్టీ ఎలిజబెత్ సమాధి, హైమెండార్ఫ్ సమాధి రెండూ ఇప్పటికీ మార్లవాయిలోనే ఉన్నాయి.

అంటే భీం ప్రాణం పోయిన మూడేళ్లకు ఆ అడవిలోకి బడి వచ్చింది. మనం ఈ గురుకులంలో నాలుగు పూటలు తిని, పుస్తకాలు తీసుకొని, కరెంటు లైటు కింద చదువుకుంటున్నామంటే ఆ దారి అక్కడ మొదలైందని నేను అనుకుంటున్నాను. మనలో లంబాడీ మాట్లాడే వాళ్లున్నారు, మరాఠీ, కన్నడం వచ్చిన వాళ్లున్నారు. ఇంట్లో భాష ఏదైనా, కాగితం చదవలేక భూమి పోగొట్టుకున్న తాత చాలా ఇళ్లల్లో ఉన్నాడు.

2016 అక్టోబరులో ఆసిఫాబాద్ జిల్లాకు కొమురం భీం పేరు పెట్టారు. హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద ఆయన విగ్రహం ఉంది. జోడేఘాట్‌లో మ్యూజియం ఉంది. ప్రతి ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి అక్కడ వర్ధంతి జరుపుతారు.

చివరగా రెండు మాటలు. మిత్రులారా, దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాతను, నానమ్మను కూర్చోబెట్టి, వాళ్లు పుట్టిన ఏడాది, వాళ్ల చేను ఎట్ల వచ్చింది, ఎట్ల పోయింది అడిగి నోట్‌బుక్‌లో రాసుకొని రండి. వచ్చే గోడపత్రికలో అవే వేద్దాం. వార్డెన్ సార్ గారికి నా మనవి: ఈ ఆశ్వయుజ పౌర్ణమి నాడు సాయంత్రం ప్రేయర్‌లో రెండు నిమిషాలు భీంను తలచుకునే అవకాశం ఇవ్వండి.

అమరుడు కొమురం భీంకు జోహార్లు!