పిల్లల బడి నుంచి జకార్తా దాకా : ఫుట్‌బాల్ గురువు రహీం సాబ్

సనత్‌నగర్ : సాయంత్రం పూట సనత్‌నగర్, అమీర్‌పేట కాలనీల్లో కాస్త ఖాళీ జాగా ఉంటే చాలు, పిల్లల చేతిలో బ్యాటు కనిపిస్తుంది. కాలితో తన్నే పెద్ద బంతి కనిపించడం మాత్రం అరుదు. ఒకప్పుడు ఇదే హైదరాబాదు నగరం దేశానికంతటికీ ఫుట్‌బాల్ ఆటగాళ్లను అందించిందంటే నేటి కుర్రకారు నమ్మకపోవచ్చు. ఆ వైభవం వెనుక ఉన్న మనిషి ఒక బడి పంతులు. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరంతా పిలిచింది రహీం సాబ్ అని.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుతూ అక్కడి జట్టులో ఆడారు. చదువు ముగిశాక కాచిగూడ మిడిల్ స్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. పిల్లల చేత ఆటలాడించడం కూడా పనిలో భాగమే అయింది. తరగతిలో పాఠం చెప్పినంత ఓపికగా మైదానంలో బంతి పాఠం చెప్పేవారు. 1940ల తొలినాళ్లలో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత ఆయన చేతికి వచ్చింది. కన్నుమూసేదాకా అది ఆయన చేతిలోనే ఉంది.

రహీం సాబ్ పెట్టిన పోటీలు కొన్ని చిత్రంగా ఉండేవి. ఒక పోటీలో బంతిని ఎడాపెడా తిప్పుకుంటూ ఒక్కడే పరుగెత్తడం నిషేధం. అందిన బంతిని అందినట్టే తోటివాడికి అందించాలి. మరో పోటీలో కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే గోలు కొట్టాలి. చూసేవారికి ఇది వేడుకగా తోచేది. కానీ కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటే లాగితే బండి ఎంత దూరం పోతుందో రైతుకు వేరే చెప్పనక్కరలేదు. రెండు కాళ్లూ పనిచేయాలి, పదకొండుగురూ పనిచేయాలి అన్నదే ఆయన లెక్క.

1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పు హైదరాబాదు పోలీసులదే. అప్పట్లో ఢిల్లీలో జరిగిన డ్యూరాండ్ కప్పు 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి తెచ్చారు. మొదటి ఆట సమంగా తేలితే, మళ్లీ ఆడి ఒక గోలుతో గెలిచారు. 1954, 1957ల్లో ఆ కప్పు మళ్లీ వచ్చింది. 1961లో ఆంధ్రా పోలీసు అన్న కొత్త పేరుతో నాలుగోసారి కూడా వచ్చింది. కలకత్తా, బొంబాయి పెద్ద క్లబ్బులకు మన పోలీసులంటే బెదురు పుట్టిన రోజులవి.

అమ్ముగూడ కుర్రవాడు

సికింద్రాబాదు అవతల అమ్ముగూడ అనే ఊళ్లో బలరాం అనే కుర్రవాడు ఉండేవాడు. పూర్తి పేరు తులసీదాస్ బలరాం. పుట్టింది 1936లో. ఇంట్లో బీదరికం. బంతి అంటే మాత్రం ప్రాణం. అతని ఆట రహీం సాబ్ కంటపడింది. హైదరాబాదు జట్టు శిక్షణకు రమ్మని కబురు పెట్టారు. రావాలంటే అమ్ముగూడ నుంచి ఫతే మైదానం దాకా రోజూ వచ్చి పోవాలి. అందుకు చేతిలో డబ్బు లేదు. ఆ సంగతి తెలిసి సైకిలు అద్దెకు డబ్బు రహీం సాబే ఇచ్చారు.

ఆ అద్దె సైకిలు బలరాంను ఎక్కడెక్కడికో తీసుకుపోయింది. 1956లో ఇరవై ఏళ్ల వయసులో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు పిలిచింది. హైదరాబాదులో తయారైన ఆటగాడు కలకత్తాకు వలసపోవడం అప్పట్లో మామూలే. ఆ వలసే తర్వాత మన ఆటను చప్పబరచిందనేవారూ ఉన్నారు. అయితే కడుపు చేత పట్టుకుని పోయే వారిని తప్పుపట్టడం సులువు కాదు. ముందు వరుసలో ఎడమ వైపయినా, మధ్యనయినా ఆడగలిగిన బలరాం 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్ అయ్యాడు. ఆ ఏడు కలకత్తా లీగు గెలిపించాడు.

ఇక దేశం జట్టు సంగతి. రహీం సాబ్ శిక్షణలో 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టు ఇరాన్‌ను ఒక గోలు తేడాతో ఓడించి బంగారు పతకం గెలిచింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో చలిలో, చాలామంది ఉత్తకాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యారు. పరాభవమే అది. ఆ దెబ్బతో మనవాళ్లకు బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచారు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకు మించి పోయింది లేదు. ఆ జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికర్, బలరాం వంటి హైదరాబాదు వాసులు ఉన్నారు. 1960లో రోమ్‌లో బలమైన హంగరీ చేతిలో 2-1తో ఓడారు. ఆ ఒక్క గోలు అమ్ముగూడ బలరాం కొట్టిందే.

నూరు వేల మంది ఎదుట

1962 ఆగస్టులో జకార్తాకు బయల్దేరేనాటికి రహీం సాబ్ ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పట్టి ఉంది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో గెలిచారు గాని, వెనుక వరుసలో కోటగోడలా నిలిచే జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. అతను లేకుండానే జపాన్‌ను 2-0తో ఓడించారు. సెమీ ఫైనలు నాటికి ఏం చేయాలన్నది సమస్య. దెబ్బ తగిలినవాణ్ని కూర్చోబెట్టాలని ఎవరైనా అనుకుంటారు. రహీం సాబ్ అతన్ని ఆడించారు. అదీ వెనుక కాదు, అందరికంటే ముందు, సెంటర్ ఫార్వర్డుగా. కావలి కాసేవాణ్ని దండెత్తడానికి పంపారన్నమాట. దక్షిణ వియత్నాంపై 3-2తో నెగ్గిన ఆ ఆటలో జర్నైల్ ఒక గోలు కొట్టాడు.

సెప్టెంబరు 4న ఫైనలు. ఎదుట మళ్లీ దక్షిణ కొరియాయే. అంతకంటే పెద్ద శత్రువు మైదానం చుట్టూ ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా రానివ్వలేదు. వాళ్లు లేనప్పుడు వీటిని ఆసియా క్రీడలనడం చెల్లదని క్రీడా సంఘాల పెద్ద అయిన భారతీయుడు సోంధీ అభ్యంతరం చెప్పారు. దాంతో అక్కడి జనం మండిపడ్డారు. భారత రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. ఫైనలు చూడవచ్చిన సుమారు లక్షమంది మనవాళ్లు బంతి ముట్టినప్పుడల్లా అరిచి గేలిచేశారు. గొంతెత్తి మనకు జేకొట్టినవారిలో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు ఉండటం విశేషం.

17వ నిమిషంలో పి.కె. బెనర్జీ గోలు కొట్టాడు. మరి మూడు నిమిషాలకు తలకు కుట్లతోనే జర్నైల్ రెండో గోలు కొట్టాడు. కొరియా చివర్లో ఒకటి తిరిగి ఇచ్చినా చాలలేదు. 2-1. చునీ గోస్వామి కెప్టెన్‌గా ఉన్న ఆ జట్టులో హైదరాబాదు నుంచి యూసుఫ్ ఖాన్, బలరాం ఆడారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు మళ్లీ బంగారు పతకం రాలేదు.

తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1963 జూన్ 11న రహీం సాబ్ కన్నుమూశారు. వయసు 53. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య బహుమతి అప్పటికి పుట్టనేలేదు, అది 1985లో మొదలైంది. కొడుకు సయ్యద్ అబ్దుల్ హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నవారే. తర్వాత శిక్షకుడిగానూ పేరు తెచ్చుకుని 2021లో మరణించారు. 2024లో రహీం సాబ్ కథ మీద హిందీలో మైదాన్ అనే సినిమా వచ్చింది.

ఆయన పోయిన ఏడే ఆంధ్రా పోలీసులు రోవర్స్ కప్పు మరోసారి తెచ్చారు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ ట్రోఫీ మళ్లీ ఇటు రాలేదు.

బలరాం ఆట కూడా 1963లోనే ఆగిపోయింది. ఈస్ట్ బెంగాల్ విడిచి రైల్వే జట్టులో చేరిన కొద్దికాలానికే ఊపిరితిత్తుల పొరకు జబ్బు చేసింది. ఇరవై ఏడేళ్లకే బూట్లు విప్పాడు. తిరిగి అమ్ముగూడ చేరలేదు. కలకత్తా పక్కన ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న 86 ఏళ్ల వయసులో చనిపోయారు.