దండ ఫొటోకు పడ్డది, సదువు మాత్రం అడివి బడికి రాలె

సెప్టెంబర్ 5 వచ్చిందంటే దుమ్ముగూడెం నుంచి గుండాల దాకా ప్రతి ఆశ్రమ బడిల ఒక ఫొటోకు దండ పడ్తది. తెల్ల తలపాగా, కండ్లద్దాలు, పొడుగు కోటు. ఆయన రాష్ట్రపతి అయిండని పిల్లలందరికీ తెల్సు. మరి బతుకంతా ఆయన చెప్పిన సబ్జెక్టు ఏంది? లెక్కలు కాదు, ఇంగ్లీషు కాదు, తత్వశాస్త్రం. అంటే ఫిలాసఫీ. గా సబ్జెక్టు మన హైస్కూల్ టైంటేబుల్ల ఎక్కడా లేదు. పంతులుకు పండుగ చేస్తున్నం, ఆయన పాఠాన్ని మాత్రం బడి లోపటికి రానిస్తలేం. అందుకే తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, ఇయ్యాల ఆయన కథ ఒకసారి సక్కగ తెల్సుకుందాం.

సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888ల తిరుత్తణిల పుట్టిండు. గా ఊరు ఇప్పుడు తమిళనాడుల ఉన్నది, ఇంట్ల మాట మాత్రం తెలుగే. ఇంటిపేరు నెల్లూరు దిక్కు ఊరు సర్వేపల్లిది. నాయిన వీరాస్వామి, అమ్మ సీతమ్మ. ఉన్నోళ్ల ఇల్లు కాదు. తిరుపతిల, వేలూరుల మిషనరీ బడులల్ల, స్కాలర్‌షిప్పుల మీద సదువు నడిచింది. ఆడికెళ్లి మద్రాస్ క్రిస్టియన్ కాలేజీకి పోయిండు.

ఆయన ఫిలాసఫీ తీసుకున్నది పెద్ద ఆలోచన చేసి కాదు. అదే కాలేజీల సదివిన సుట్టపాయన తన పాత ఫిలాసఫీ పుస్తకాలు ఇచ్చిండు. కొత్తవి కొనేటందుకు పైసల్లేవు. పుస్తకాలు చేతికొచ్చినయ్, సబ్జెక్టు ఖాయమైంది. అంటే దేశానికి ఒక పెద్ద తత్వవేత్త పాత పుస్తకాల పుణ్యాన దొరికిండు. మరి గా పుస్తకాలు చేతికి రానోళ్లు ఎంతమంది ఎటు పోయిండ్రో ఎవరు లెక్క పెట్టిండ్రు?

క్లాసుల మిషనరీ సార్లు హిందూ మతంల నీతి లేదని విమర్శించేటోళ్లు. పిలగానికి గది గుచ్చుకున్నది. కోపంతోని క్లాసు ఇడిచిపోలె. మూల గ్రంథాలు పట్టుకొని కూసున్నడు. 1908ల, ఇరవై ఏండ్ల వయసుల, వేదాంతంల నీతి మీదనే ఎం.ఏ. వ్యాసం రాసిండు. ఒక్క ప్రశ్న మనిషిని ఎంత దూరం తీస్కపోతదో సూడుండ్రి.

1909ల మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీల పంతులయిండు. 1918ల మైసూరుకు, 1921ల కలకత్తా యూనివర్సిటీకి పోయిండు. మైసూరు ఇడిచిపోయేనాడు విద్యార్థులు పూలు కట్టిన బండికి గుర్రాలకు బదులు తామే కట్టుకొని స్టేషన్ దాకా గుంజుకపోయిండ్రు. భారతీయ తత్వశాస్త్రం మీద రెండు పెద్ద సంపుటాలు 1923ల, 1927ల రాసిండు. వేదాలు, ఉపనిషత్తులు, బౌద్ధం, జైనం, దేవుణ్ణి ఒప్పుకోని చార్వాకులు, అందరూ అండ్ల ఉన్నరు. కోయోళ్ల, కొండరెడ్ల ఆలోచన లేదు. పుస్తకాలకెక్కనోళ్లకు తత్వం ఉంటదని ఆ కాలపు పండితులు అనుకోలె.

ఆయన మీద మచ్చ గూడ ఉన్నది, దాపెట్టొద్దు. తన పరిశోధనల భాగాలు వాడుకున్నడని జదునాథ్ సిన్హా 1929ల కేసు ఏసిండు. రాధాకృష్ణన్ ఎదురు కేసు ఏసిండు. 1933ల రాజీ అయిండ్రు. దండ ఏసిన ఫొటోను గూడ ప్రశ్న అడగొచ్చని నేర్పేదే ఫిలాసఫీ.

1931ల ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్‌గా వాల్తేరుకు వచ్చిండు, 1936 దాకా ఉన్నడు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ అసొంటి పడుచు పంతుళ్లను తెచ్చిండు. ఒకాయన తర్వాత కేంద్ర విద్యామంత్రి అయిండు, ఇంకొకాయన కమ్యూనిస్టు ఎంపీ అయిండు. అప్పుడు మన భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాల, గా యూనివర్సిటీ ఇలాకాలనే ఉండె. గోదారి ఇవతల ఖమ్మం నిజాం రాజ్యంల, ఉస్మానియా కింద. రెండు ఒడ్లకు రెండు యూనివర్సిటీలు. కానీ తత్వం పాఠం ఏ ఒడ్డు నుంచీ అడివి బడికి రాలె.

తర్వాత ఆక్స్‌ఫర్డుల ప్రొఫెసర్, కాశీ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్, మాస్కోల రాయబారి. 1952ల ఉపరాష్ట్రపతి, 1962ల రాష్ట్రపతి. 1975 ఏప్రిల్ 17న మద్రాసుల కన్నుమూసిండు.

నడుమ 1948ల యూనివర్సిటీ సదువుల కమిషన్‌కు పెద్దగ ఉన్నడు. పల్లెలకు గ్రామీణ విశ్వవిద్యాలయాలు కావాల్నని ఆ కమిషన్ చెప్పింది. బుద్ధుడు, సోక్రటీస్, కబీర్ జీవితాలు, మత తత్వం సమస్యలు డిగ్రీల చెప్పమన్నది. దాని పని యూనివర్సిటీల వరకే, నిజమే. కానీ టెన్త్ కాడనే బడి ఇడిచి మిర్చి కోతకు పోయెటోళ్ల సంగతేంది?

అసలు ఫిలాసఫీ ప్రశ్నలు ఎక్కువున్నది మన దగ్గరనే. ఎక్కువ మందికి నీళ్లొస్తయంటే తక్కువ మంది ఊర్లు ముంచొచ్చునా? పోలవరం కోసం 2014ల 7 మండలాలు ఆంధ్రాల కలిపిండ్రు. గిదే పంచాయితీని బెంథామ్ ఒక తీరుగ, కాంట్ ఇంకో తీరుగ తేల్చిండ్రు. భూమి దున్నినోనిదా, కాయితం ఉన్నోనిదా? పోడు పట్టాల కొట్లాటల ఉన్నది గదే. ఏజెన్సీ టీచర్ కొలువులన్నీ స్థానిక ఆదివాసులకే అన్న 2000 నాటి జీవో 3ను 2020ల సుప్రీంకోర్టు కొట్టేసింది. అందరినీ ఒక్క తీరు సూసుడు న్యాయమా, ఎనుకబడ్డోన్ని ముందుకు జరుపుడు న్యాయమా? తొమ్మిదో తరగతి పిల్లకు ఇది అర్థం కాదనేటోడు గా పిల్లతోని ఎన్నడూ మాట్లాడనోడే.

ఫ్రాన్సుల ఇంటర్ ఆఖరు ఏడు పిల్లలు నాలుగు గంటలు కూసొని ఫిలాసఫీ పరీక్ష రాస్తరు. అమెరికాల మాథ్యూ లిప్‌మన్ అనే ప్రొఫెసర్ 1970లల్ల యూనివర్సిటీ నుంచి బడులకు ఫిలాసఫీ తీస్కపోయిండు. పాఠం ఒప్పజెప్పుడు లేదు. చిన్న కథ సదువుడు, గుండ్రంగ కూసొని ప్రశ్నలు అడుగుడు, కారణం చెప్పుడు, ఎదుటోని మాట ఇనుడు. గంతే.

మనం అడిగేది గూడ గంతే. ఉస్మానియాల, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల ఫిలాసఫీ శాఖలున్నయ్. నెలకొక్క శనివారం పీజీ పిల్లలను, పంతుళ్లను ఆశ్రమ బడులకు తోలియ్యాలె. మార్కులు వద్దు, గైడ్లు వద్దు. కోయల మాట్లాడనియ్యాలె, తెలుగుల మాట్లాడనియ్యాలె. ఊరి పెద్దలను గూడ నడుమ కూసోబెట్టాలె, వాళ్ల తగువు తీర్పులల్ల ఉన్న తర్కం యూనివర్సిటోళ్లు గూడ నేర్చుకోవాలె. మీ ఊర్లకెళ్లి పోయి ఆడ సదివేటోళ్లుంటే ముందు వాళ్లనే పట్టుకోండ్రి. దీనికి అయ్యే ఖర్చు బస్సు ఛార్జీ, ఒక పూట టైం. రాధాకృష్ణన్‌కు పుస్తకాలిచ్చిన సుట్టం ఒకాయన ఉన్నడు. మన పిల్లలకు గా సుట్టం యూనివర్సిటీ కావాలె.