జెండా నిచ్చిన సిపాయి: పింగళి వెంకయ్య

గుడి గోపురానికి చేతులెత్తి మ్రొక్కేవారు వేలకొలది ఉంటారు. దానిని మలచిన శిల్పి పేరేమని అడిగేవారు మాత్రం అరుదు. ఏటేటా ఆగస్టు 15వ తేదీన పాఠశాలల ముంగిళ్ళలో బాలబాలికలు బారులు తీరి మూడు రంగుల జెండాకు వందనం చేస్తారు. ఆ జెండా చరిత్రలో కృష్ణాతీరపు మనిషి ఒకరున్నారని చాలామంది ఎరుగుదురు. అయితే ఆయన ఒకప్పుడు సిపాయి అనీ, పరాయి జెండా క్రింద కొలువు చేసి వచ్చినవారనీ తలచుకునేవారు తక్కువ. ఆ సిపాయియే పింగళి వెంకయ్య.

నాట్యకళకు పుట్టినిల్లయిన కూచిపూడికి చేరువనున్న భట్లపెనుమర్రు గ్రామంలో 1876వ సంవత్సరం ఆగస్టు 2వ తేదీన వెంకయ్యగారు జన్మించినారు. తండ్రి హనుమంతరాయుడు, తల్లి వెంకటరత్నమ్మ. బాల్యం యార్లగడ్డ, పెదకళ్ళేపల్లి గ్రామాలలో గడచినది. చదువు బందరులో సాగినది. చుట్టూ వరిచేలు, కాలువగట్లు, కళ్ళాలు. ఆ సీమలో పుట్టిన పిల్లవాడు ఊరి లెక్కలు వ్రాసుకుంటూనో, సేద్యం చూసుకుంటూనో సుఖంగా బ్రతకవచ్చును. వెంకయ్యగారికి ఆ నిలకడ రుచించలేదు. యౌవనారంభంలోనే బ్రిటిష్ భారత సైన్యంలో చేరి, బోయరు యుద్ధకాలంలో సముద్రాలు దాటి దక్షిణాఫ్రికాకు వెళ్ళినారు.

ఆ యుద్ధంలోనే గాంధీజీ సుమారు 1,100 మంది భారతీయులను కూడగట్టి, గాయపడిన సైనికులను మోసుకువచ్చే సేవాదళాన్ని నడిపినారు. వెంకయ్యగారికి గాంధీజీతో పరిచయం కలిగినది అక్కడనే. ఒకరు సిపాయి, మరొకరు న్యాయవాది. ఇరువురూ ఆనాడు సేవ చేసినది ఒకే సామ్రాజ్యానికి. ఆ సామ్రాజ్యాన్నే ఎదిరించవలసిన రోజు వస్తుందని అప్పటికి ఎవరు ఊహించగలరు?

స్వదేశానికి తిరిగివచ్చిన పిమ్మట ఆయన ఒక్కచోట కుదురుకోలేదు. రైల్వేలో గార్డుగా పనిచేసినారు. బళ్ళారిలో ప్లేగు ఇన్‌స్పెక్టరుగా ఉన్నారు. లాహోరు వెళ్ళి ఆంగ్లో వేదిక్ కళాశాలలో ఉర్దూ, జపానుభాషలు అభ్యసించినారు. 1913లో బాపట్లలో జపానుభాషలో ప్రసంగించి జపాను వెంకయ్య అనిపించుకున్నారు. మునగాల సంస్థానంలో ఉండి ప్రత్తి పంటపై పరిశోధన సాగించి ప్రత్తి వెంకయ్య అయినారు. రత్నశాస్త్రంలో గడించిన ప్రజ్ఞకు వజ్రాల వెంకయ్య అనే పేరూ వచ్చినది. బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలలో విద్యార్థులకు పాఠాలు కూడా చెప్పినారు. ఇన్ని పేర్లు వచ్చినా ఆయన మనస్సు పట్టి ఉన్నది ఒక్క జెండామీదనే.

1906లో దాదాభాయి నౌరోజీ అధ్యక్షతన కలకత్తాలో జరిగిన కాంగ్రెసు మహాసభలో బ్రిటిష్ పతాకం ఎగురుతుండడం ఆయనకు ములుకువలె తాకినదని చెబుతారు. సైన్యంలో జెండాకున్న శక్తి ఏమిటో కంటితో చూసినవారు ఆయన. గుడ్డపీలిక వంటి ఆ పతాకం కోసం మనుష్యులు ప్రాణాలివ్వగలరని ఎరిగినవారు. స్వంత జెండా లేని జాతి ఎవరికి వందనం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబుగా పదేళ్ళ కృషి ఫలించి, 1916లో భారతదేశానికి ఒక జాతీయ పతాకమనే అర్థమిచ్చే పేరుతో ఒక చిన్న పుస్తకం వెలువడినది. అందులో ముప్పదికి పైబడిన నమూనాలున్నవి.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీలలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమైనది. తిలక్ స్వరాజ్యనిధికి కోటి రూపాయలు, కాంగ్రెసుకు కోటిమంది సభ్యులు, దేశంలో ఇరవై లక్షల రాట్నాలు సమకూర్చాలని తీర్మానించినది ఆ సభయే. అక్కడే వెంకయ్యగారు ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెండాను గాంధీజీకి సమర్పించినారు. రాట్నం ఉంచాలన్న సూచన జలంధరుకు చెందిన లాలా హంసరాజ్‌ది. ఇతర మతాలవారికి గుర్తుగా తెలుపు ఉండాలన్నది గాంధీజీ కోరిక.

ఆ పిమ్మట జెండా మరికొంత మార్పు పొందినది. 1931లో కాంగ్రెసు ఎరుపుకు బదులు కాషాయాన్ని స్వీకరించి, రంగులకు మతాలతో ముడి తెంచినది. 1947 జూలై 22న రాజ్యాంగసభ రాట్నం స్థానంలో 24 ఆకుల అశోకచక్రాన్ని ఆమోదించినది. రాట్నం ఒక ప్రక్కనుండి చూస్తే ఒకవిధంగానూ, రెండవ ప్రక్కనుండి తారుమారుగానూ కనబడుతుంది. చక్రానికి ఆ చిక్కు లేదు. ఈ విధంగా నేటి పతాకం పలువురి ఆలోచనల పంట. కాని విత్తనం చల్లినవారిని పంట మరువరాదు గదా!

స్వాతంత్ర్యం వచ్చినది. జెండా ఎర్రకోటపై ఎగిరినది. వెంకయ్యగారు మాత్రం పేదరికంలోనే మిగిలినారు. పూర్వపు సైనికసేవకుగాను విజయవాడ చిట్టినగరంలో లభించిన స్థలంలో చిన్న ఇల్లు వేసుకుని చివరికాలం గడిపినారని చెబుతారు. 1963 జూలై 4న, ఎనభై ఆరేళ్ళు నిండిన వయస్సులో కన్నుమూసినారు. తన దేహంపై మువ్వన్నెల జెండా కప్పవలెననీ, అంత్యక్రియలకు ముందు దానిని తీసి రావిచెట్టుకు కట్టవలెననీ ఆయన కోరినట్లు ప్రతీతి. జెండా చితిలో కాలిపోకూడదన్న ఆ శ్రద్ధలో ఒక సిపాయి క్రమశిక్షణ కనబడుతుంది.

గుర్తింపు మెల్లగా నడచివచ్చినది. 2009లో ఆయన పేర తపాలా బిళ్ళ వెలువడినది. 2022 ఆగస్టు 2న, ఆయన జయంతినాడు, కేంద్రప్రభుత్వం న్యూఢిల్లీలో తిరంగా ఉత్సవం జరిపి మరొక స్మారక తపాలా బిళ్ళ విడుదల చేసినది. ఆహ్వానం అందుకున్న కుటుంబసభ్యులు 1,700 కిలోమీటర్లకు పైబడిన దూరం దాటి రాజధానికి చేరినారు. నిండు సభలో వారికి సత్కారం జరిగినది. అయితే, నూరేళ్ళ వయస్సున్న ఆయన కుమార్తె ఆ దినాన్ని చూడలేదు. అంతకు కొద్దిరోజుల ముందే, జూలై నెలలో ఆమె కాలధర్మం చెందినారు.

ఆ ఢిల్లీ నగరంలో సైనికులకు స్మారకాలు లేకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో నేలకొరిగినవారి కోసం 1931లో ఇండియా గేటు ఆవిష్కృతమైనది. 2019లో దాని చెంతనే జాతీయ యుద్ధస్మారకం వెలసినది. స్వతంత్ర భారత సైనికుల పేర్లు అక్కడి గోడలపై చెక్కి ఉన్నవి. బోయరు యుద్ధకాలపు తెలుగు సిపాయి పేరు ఆ రాళ్ళపై వెదకనక్కరలేదు. తలయెత్తి జెండాను చూస్తే చాలు.

కాని ఆ చూపుతోనే ఋణం తీరిందనుకోవడం పొరపాటు. మరణించిన 59 ఏళ్ళకు రాజధానిలో జరిగిన సన్మానం సంతానానికి గౌరవం. అది ఆ వృద్ధుని ఇంటికి దీపం కాలేకపోయినది. దేశానికి సేవచేసి తిరిగివచ్చి, మన వీధిలోనే నిశ్శబ్దంగా బ్రతుకుతున్న ముదుసలి సిపాయి ఎవరైనా ఉంటే, పాఠశాలలో జెండా ఎగురవేసే రోజున ఆయనను పిలిచి ముందు వరుసలో కూర్చుండబెట్టవచ్చును. వెంకయ్యగారి జీవితం నేర్పే పాఠం అదియే. కృతజ్ఞతకు రాజధాని దాకా పోనక్కరలేదు. అది వేళకు చేరితే చాలును.