దిమ్మలతో బడి కట్టిన ఫ్రోబెల్

పోయిన ఏడాది మేము ఇక్కడ ఒక బడి కట్టాం. మొత్తం బడి కాదు, అందులో చిన్నపిల్లల బ్లాకు ఒకటే. డ్రాయింగుల మీద దానికి కేజీ అని రెండే అక్షరాలు. మా బ్యాచ్‌లో జగిత్యాల, సిరిసిల్ల వాళ్లున్నారు, కడప వాళ్లున్నారు, పాలకొల్లు వైపు వాళ్లూ ఉన్నారు. ఎల్‌కేజీ, యూకేజీ అన్న మాటలు అందరికీ నోటికి వచ్చినవే, ఫీజు కట్టేది మేమే కాబట్టి. కానీ ఆ కేజీ అంటే కిండర్‌గార్టెన్ అనీ, అది జర్మన్ మాట అనీ, దాని అర్థం పిల్లల తోట అనీ మాలో ఒక్కరికీ తెలియదు. చేతులు కడుక్కునే బేసిన్లు మోకాలికి కాస్త పైన పెట్టమని, కిటికీలు బాగా కిందికి దించమని డ్రాయింగులో ఉంటే, కొలత తప్పు పడిందేమోనని కన్సల్టెంటును రెండుసార్లు అడిగాం.

బడి అప్పగించాక చిన్న చిన్న రిపేర్లు మిగిలితే స్నాగ్ లిస్టు పట్టుకుని మళ్లీ వెళ్లాం. ఒక తలుపు బందు సరిచేస్తుంటే పక్క అరలో చెక్క పెట్టె కనిపించింది. లోపల ఎనిమిది దిమ్మలు. మా చెయ్యి ఊరుకోదు కదా, టేపు తీసి కొలిచాం. పొడవు రెండించులు, వెడల్పు ఒక ఇంచు, మందం అర ఇంచు. వెడల్పుకు రెట్టింపు పొడవు, మందానికి రెట్టింపు వెడల్పు. ఎవరో ఇటుక సంగతి తెలిసినవాడే చేశాడనిపించింది. అక్కడి టీచరమ్మను అడిగితే ఫ్రోబెల్ అని ఒక పేరు చెప్పింది. తర్వాత వచ్చిన శుక్రవారాలు రూములో పడుకుని ఆయన సంగతులే చదువుకున్నాం.

చదవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఊళ్లో మా చిన్నోడు అప్పుడే ఎల్‌కేజీలో చేరాడు. నాలుగేళ్లు. రాత్రి వీడియో కాల్ చేస్తే వాడు మాట్లాడడు, నోటుబుక్కు ముందేసుకుని కళ్లు తుడుచుకుంటూ ఉంటాడు. ఒకటి నుంచి వంద వరకు రెండుసార్లు రాయాలి. పెన్సిల్ పట్టి పట్టి వేలు ఎర్రబడిందని వాళ్లమ్మ చూపిస్తుంది. మేము ఇక్కడి నుంచి, ఫీజు కడుతున్నాం కదా రాయించు అంటాం. మా చేతులకు పట్టిన పని వాడి చేతికి పట్టకూడదనే కదా ఈ ఎడారికి వచ్చింది. అలా అనుకుంటున్న రోజుల్లోనే ఈ పెద్దాయన మా కంటపడ్డాడు.

ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1782 ఏప్రిల్ 21న జర్మనీలోని తురింగియాలో, ఒబర్‌వైస్‌బాఖ్ అనే ఊళ్లో పుట్టాడు. అప్పటికి జర్మనీ ఒకే దేశం కాదు, చిన్న చిన్న సంస్థానాలు. తండ్రి చర్చిలో పాస్టరు. ఏడాదైనా నిండకముందే తల్లి పోయింది. తండ్రికి ఊళ్ల మీద పని, ఇంట్లో సవతితల్లికి తన పిల్లలు. పిల్లవాడు ఎక్కువగా ఒంటరిగా, ఇంటి చుట్టూ ఉన్న తోటలో పెరిగాడు. పదేళ్లప్పుడు మేనమామ వచ్చి తన ఊరు తీసుకెళ్లిపోయాడు. పిల్లవాడు పిల్లవాడిలా ఆడుకున్నది ఆ కొద్ది ఏళ్లే. మేనమామ దగ్గర పెరిగిన పిల్లలు మన ఊళ్లలో ఎంతమంది లేరు, అందులోనూ తండ్రి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు.

పదిహేనో ఏట అడవి చూసుకునే ఉద్యోగి దగ్గర పని నేర్చుకోమని పంపారు. ఆయన నేర్పిందేమీ లేదు. చెట్లు, ఆకులు, లెక్కలు కుర్రాడే సొంతంగా చదువుకున్నాడు. 1799లో యేనా యూనివర్సిటీలో చేరాడు. తన దగ్గరున్న డబ్బు అక్కడే చదువుతున్న అన్నకు సర్దాడు, అది తిరిగి రాలేదు. అప్పు తీర్చలేక యూనివర్సిటీ వాళ్ల జైల్లో తొమ్మిది వారాలు ఉన్నాడు. ఇది చదివినప్పుడు మా రూములో ఎవరూ మాట్లాడలేదు. ఏజెంటు అప్పు, వడ్డీ అప్పు తెలియనివాళ్లం మాలో ఎవరు?

తర్వాత కొన్నేళ్లు ఏ పని దొరికితే ఆ పని. చివరికి 1805లో బిల్డింగులు గీయడం నేర్చుకుందామని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లాడు. అంటే మా లైనులోకి వచ్చినట్టే! కానీ అక్కడ ఒక స్కూలు హెడ్మాస్టరు పరిచయమై, ఈ మనిషి ఇళ్లు కట్టేవాడు కాదు, పంతులు కావలసినవాడని పసిగట్టి ఉద్యోగం ఇచ్చాడు. క్లాసులో నిలబడిన మొదటి రోజే ఫ్రోబెల్‌కు తన చోటు దొరికింది. ఆ ఏడాదే స్విట్జర్లాండులో పెస్టలోజీ అనే పెద్ద గురువును చూసి వచ్చాడు. 1808లో మళ్లీ వెళ్లి రెండేళ్లు ఆయన దగ్గరే ఉన్నాడు. పుస్తకం కన్నా ముందు వస్తువు చూపించాలి అన్నది పెస్టలోజీ దారి. చూపిస్తే చాలదు, పిల్లవాడి చేతికే ఇవ్వాలి అన్నది ఫ్రోబెల్ తర్వాత పట్టుకున్న దారి.

మధ్యలో 1813లో నెపోలియన్ మీద యుద్ధానికి వాలంటీరుగా వెళ్లాడు. అక్కడ దొరికిన ఇద్దరు స్నేహితులు, మిడెన్‌డార్ఫ్, లాంగెథాల్, ఆ తర్వాత ఆయన బడిలోనే పనిచేశారు. యుద్ధం అయ్యాక బెర్లిన్‌లో ఖనిజాల మ్యూజియంలో రెండేళ్లు పని. స్ఫటికాలను చూసి, కోణాలు పట్టి, ఏది ఏ జాతిదో వేరుచేసి పెట్టడం. రాయి కూడా ఒక లెక్క ప్రకారం పెరుగుతుందని ఆయన మనసులో పడింది అక్కడే. తర్వాత తను చేసిన ఆటవస్తువులన్నిటికీ ఆ అంచులు, ఆ మూలలు వచ్చాయి.

టైఫస్ జ్వరంతో ఒక అన్న చనిపోయాడు. ఆ పిల్లలనూ, ఇంకో అన్న పిల్లలనూ కలిపి ఐదుగురితో 1816లో సొంత బడి పెట్టాడు. మరుసటి ఏడాది అది కైల్‌హావు అనే పల్లెకు మారింది. డబ్బు ఎప్పుడూ ఇబ్బందే. 1826లో మనిషి చదువు గురించి పెద్ద పుస్తకం రాశాడు. తర్వాత స్విట్జర్లాండులో బుర్గ్‌డార్ఫ్ అనాథాశ్రమం చూసుకుంటున్నప్పుడు, బడికి వచ్చే వయసుకు ముందే పిల్లల్లో జరగాల్సింది చాలా ఉందని ఆయనకు గట్టిగా తెలిసింది. పునాది సరిగా పడకపోతే పై అంతస్తులో ఎంత ప్లాస్టరింగు చేసినా ఏం లాభం?

1837లో, యాభై ఐదేళ్ల వయసులో, బ్లాంకెన్‌బుర్గ్‌లో అసలు పని మొదలుపెట్టాడు. పిల్లలకిచ్చే వస్తువులకు కానుకలు అని పేరు పెట్టాడు. మొదటి కానుక ఆరు రంగుల ఊలు బంతులు. రెండోది చెక్కతో చేసిన గోళం, ఘనం, స్తంభం. ఘనాన్ని దారానికి కట్టి గిర్రున తిప్పితే స్తంభంలా కనిపిస్తుంది, పిల్లలు నోరు తెరుచుకుని చూస్తారు. మూడోది ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక పెద్ద ఘనం. మేము కొలిచింది నాలుగోది, అదే ఘనాన్ని ఎనిమిది ఇటుకలుగా కోసినది. ఐదోదాంట్లో 27 ఘనాలు. వాటిలో మూడింటిని సగాలుగా, మూడింటిని పావులుగా ఏటవాలుగా కోస్తే మొత్తం 39 ముక్కలు. వాటితో పైకప్పు కూడా వస్తుంది.

ఇచ్చే పద్ధతే మాకు బాగా నచ్చింది. పెట్టెను బల్ల మీద బోర్లించి, మూత లాగి, పెట్టె పైకెత్తాలి. దిమ్మలు చిందరవందరగా కాకుండా ఒక్క ఘనంలా నిలబడి ఉంటాయి. ముందు మొత్తం చూడాలి, తర్వాత ముక్కలు. ఆట అయ్యాక మళ్లీ మొత్తంగా సర్దాలి. కట్టేటప్పుడు ఒక్క ముక్క కూడా మిగలకూడదు. కట్టినదాన్ని చేత్తో కొట్టి పడేయకూడదు, ఒక్కో దిమ్మ జరుపుతూ కుర్చీని మంచంగా, మంచాన్ని మెట్లుగా మార్చాలి. మెటీరియలు వేస్టు కాకూడదని మేము రోజూ మొత్తుకునే సంగతి నాలుగేళ్ల పిల్లలతో ఆయన ఆటలో చేయించాడు! ఒకరోజు అవే దిమ్మలు వంటిల్లు, ఇంకోరోజు అవే పువ్వులాంటి ముగ్గు, మరోరోజు అవే సగం, పావు, పావులో సగం. లెక్కల పాఠం అని ఎవరూ చెప్పరు.

దిమ్మలతో పాటు కాగితం మడవడం, పట్టీలు అల్లడం, మట్టి పిసకడం, నానబెట్టిన బఠాణీలకు పుల్లలు గుచ్చి ఇంటి ఫ్రేములు చేయడం ఉండేవి. బయట తోట. ఒక్కో పిల్లకు ఒక్కో చిన్న మడి, అందరికీ కలిపి ఒక పెద్ద మడి. నీళ్లు పోయకపోతే ఎవరి మొక్క వాడిపోయిందో వాళ్లకే తెలుస్తుంది.

1844లో తల్లుల కోసం బొమ్మలతో ఒక పాటల పుస్తకం తెచ్చాడు. పాటలకు తగ్గట్టు వేళ్లతో ఆట. మేము ఆశ్చర్యపోయింది అందులో ఎవరి మీద పాటలు ఉన్నాయో చూసి. వడ్రంగి, బండి చక్రాలు చేసేవాడు, బొగ్గులు కాల్చేవాడు, వాగు మీద వంతెన. పిల్లవాడు తన వేళ్లతో ఇల్లు కట్టి చూపిస్తూ, ఇల్లు ఎవరి చేతుల్లోంచి వస్తుందో తెలుసుకోవాలట. మాలాంటివాళ్ల మీద బడిలో పాట పెట్టిన మనిషి ఉన్నాడని మాకు ఎవరూ చెప్పలేదు. మేమైతే ఏం పని చేస్తామో పిల్లలకు సరిగా చెప్పనే చెప్పం, ఇంజినీరు అని ఊరుకుంటాం.

కిండర్‌గార్టెన్ అన్న పేరు 1840లో పడింది. మిడెన్‌డార్ఫ్‌తో కలిసి కొండ దారిన నడుస్తుంటే, కింద లోయ చూసి ఆ పేరు తట్టిందని చెబుతారు. ఆ ముందటి ఏడాదే భార్య చనిపోయింది. చిన్నపిల్లలకు పాఠం చెప్పే పని ఆడవాళ్లకు ఒక వృత్తిగా నేర్పించాలని ఆయన పట్టుబట్టాడు. ఆ రోజుల్లో అదీ నవ్వులాటే. 1849లో లీబెన్‌స్టయిన్ దగ్గర పల్లె పిల్లలతో గంతులేస్తుంటే ఊరివాళ్లు ముసలాయనకు మతి పోయిందనుకున్నారు. మారెన్‌హోల్ట్స్ బ్యూలో అనే జమీందారీ కుటుంబపు ఆవిడ ఆ మాట విని, చూడటానికి వచ్చి, తర్వాత జీవితమంతా ఆయన పని మోసింది.

దెబ్బ 1851 ఆగస్టులో తగిలింది. ప్రష్యా ప్రభుత్వం కిండర్‌గార్టెన్లను నిషేధించింది. దేవుణ్ణి నమ్మని, రాజ్యానికి ఎదురుతిరిగే పిల్లలను తయారుచేస్తున్నారని ఆరోపణ. అన్న కొడుకు కార్ల్ ఫ్రోబెల్ రాసిన పుస్తకాన్ని ఈయన మెడకు చుట్టారు. ఇంటిపేరు ఒకటే కావడం తప్పయింది. ఆ మనిషి నేను కాదు అని రాసినా వినలేదు. పేరు కలిసి ఇమిగ్రేషన్‌లో చిక్కుకున్న మనవాళ్లు గుర్తొచ్చారు. 1852 జూన్ 21న, నిషేధం ఇంకా ఉండగానే, ఫ్రోబెల్ చనిపోయాడు. నిషేధం ఎత్తేసింది 1860లో.

అప్పటికే కిండర్‌గార్టెన్ సముద్రం దాటింది. దాటించింది వలస వెళ్లినవాళ్లే. మార్గరెట్ షుర్జ్ అనే జర్మన్ అమ్మాయి హాంబర్గ్‌లో ఈ పద్ధతి నేర్చుకుని, పెళ్లయి అమెరికా చేరి, విస్కాన్సిన్‌లోని వాటర్‌టౌన్‌లో 1856లో సొంత బిడ్డతో, చుట్టాల పిల్లలతో మొదలుపెట్టింది. అమెరికాలో మొదటిది అదే. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ దిమ్మలు చూసిన ఒక తల్లి తన కొడుక్కు తెచ్చి ఇచ్చింది. ఆ కుర్రాడు ఫ్రాంక్ లాయిడ్ రైట్, డిప్లొమాలో మేము పేరు బట్టీపట్టిన ఆర్కిటెక్టు. పెద్దయ్యాక కూడా ఆ దిమ్మల స్పర్శ తన వేళ్లలోనే ఉందని రాసుకున్నాడు.

ష్వైనాలో ఫ్రోబెల్ సమాధి మీద పెట్టింది ఆ రెండో కానుకే. కింద ఘనం, మధ్యలో స్తంభం, పైన గోళం.

మా కార్పెంటరు ఒకతను, ఫోర్‌మన్‌ను అడిగి, మిగిలిన చెక్క ముక్కల్లోంచి ఎనిమిది ఇటుకలు కోశాడు. రెండు శుక్రవారాలు కూర్చుని గరుకు కాగితంతో రుద్దాం. సెలవు మీద వెళ్లే తమ్ముడి లగేజీలో పెడితే వంద గ్రాములు కూడా తూగలేదు. మొన్న వీడియోలో చిన్నోడు నోటుబుక్కు పక్కన పెట్టి గోడ కడుతున్నాడు. జాయింటు మీద జాయింటు పెట్టుకుంటూ పోతున్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చి ఆగాం. రెండుసార్లు పడిపోయింది. మూడోసారి దిమ్మను సగం పక్కకు జరిపి పట్టుకుని చూస్తున్నాడు, అంతలో నెట్ పోయింది.